బటన్ నొక్కే ముందు ఫ్యాక్ట్‌షీట్ తెరువమ్మా

అమ్మలూ,

జీతంలోంచి నెలకు రెండు వేలు హలాల్ ఫండ్‌లో, అంటే మన షరియా నియమాల ప్రకారం వడ్డీ వ్యాపారాలకు దూరంగా ఉండే మ్యూచువల్ ఫండ్‌లో, సిప్ (నెలనెలా వాయిదా) వేస్తానన్నావు. కేవైసీ ఫోన్లోనే పది నిమిషాల్లో అయిపోయిందట. చాలా సంతోషం.

నా సంగతి నీకు పూర్తిగా తెలీదు. ‘హలాల్ వ్యాపారం, నెలకు మూడు శాతం లాభం’ అన్నారని, మీ అత్తయ్య గాజులమ్మి రెండు లక్షలు కట్టాను. ఏడు నెలలు డబ్బులొచ్చాయి. ఎనిమిదో నెల వెళ్తే ఆఫీసుకు తాళం. ఆ రసీదు ఇంకా బీరువాలోనే ఉంది. మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలని కూడా నాకప్పుడు తెలీదు. నెలనెలా ఇంత ఇస్తామని ముందే మాటిస్తే అది వ్యాపారంలో వాటా ఎలా అవుతుంది? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మన దేశంలో సెబీ కింద నడిచే షరియా ఫండ్లు కొన్నే. టాటా ఎథికల్, టారస్ ఎథికల్, నిప్పాన్ వాళ్ల నిఫ్టీ 50 షరియా బీస్ ఉన్నాయి. చివరిది ఈటీఎఫ్, అంటే షేర్‌లా మార్కెట్లో కొనే ఫండ్, దానికి షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా కావాలి. ‘ఈఎస్‌జీ’ (పర్యావరణం, సమాజం, పాలన చూసి కంపెనీలను ఎంచే ఫండ్) అని కనిపిస్తే మాత్రం ఇదీ అలాంటిదేలే అనుకోకు, వాటిలో బ్యాంకు షేర్లు ఉంటాయి. ఫండ్ డబ్బు ఏయే కంపెనీల్లో ఉందో చెప్పే ఫ్యాక్ట్‌షీట్ తెరిచి, పెన్సిల్ పట్టుకుని ఒక్కో కంపెనీ పేరూ చదువు. బ్యాంకులు, మద్యం, జూదం ఉండకూడదు. అప్పు మరీ ఎక్కువున్న కంపెనీలనూ షరియా సలహాదారులు తీసేస్తారు.

యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీలో దాదాపు మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే. అవి పరుగెత్తే ఏడాది నీ ఫండ్ వెనకబడుతుంది. అప్పుడు టెన్షన్ పడి సిప్ ఆపేయకు.

యాప్‌తో ఒక చిక్కుంది. ఖాళీగా ఉన్న డబ్బు లిక్విడ్ ఫండ్‌లో పెట్టమని అడుగుతుంది. అది నడిచేది వడ్డీ మీద. మనం ‘సరే’ నొక్కేస్తాం, ఏం నొక్కామో చూడం. అలాగే డైరెక్ట్ ప్లానో (మధ్యవర్తి లేకుండా కొనేది) కాదో చూసుకో. రెగ్యులర్‌లో ఏటా కమీషన్ పోతుంది.

కంపెనీలకు అక్కడక్కడా వడ్డీ ఆదాయం వస్తుంది కదా, నీ వాటాకు ఎంతొచ్చిందో లెక్కేసి పేదవాళ్లకు ఇచ్చేయాలి. ఆ లెక్క ఏ యాప్‌లోనైనా ఉంటుందని ఆశపడకు, ఫండ్ వాళ్లకు మెయిల్ పెట్టి అడుగు. ఏటా ఇవ్వాల్సిన దానం, జకాత్, వేరు, దాన్నీ దీన్నీ కలపొద్దు.

ఆదివారం జొహర్ (మధ్యాహ్నం) నమాజ్ అయ్యాక వీడియో కాల్ చెయ్యి. ఫ్యాక్ట్‌షీట్ ప్రింట్ తీసి ఉంచు, ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటిదాకా మొదటి వాయిదా కట్టకు.

మీ మామయ్య