అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి మిద్దె మీద సోలార్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లో అసోసియేషన్ తన కామన్ మీటర్‌కి సోలార్ ప్లాంటు కలుపుకోవచ్చు, కేంద్రం సబ్సిడీ కూడా ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇలాంటి సంఘాలకు కిలోవాట్‌కు రూ.18,000 ఇస్తారు. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్లకు మించకుండా.

మిద్దె అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి ఏ ఒక్క ఫ్లాటు పేరునో కాక అసోసియేషన్ పేరున పెట్టుకోవడమే గొడవల్లేని దారి. పగలు లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు వాడగా మిగిలిన కరెంటు, వచ్చే కరెంటునీ పోయే కరెంటునీ లెక్కించే నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌లోకి, అంటే కరెంటు సంస్థ లైన్లలోకి వెళ్లి బిల్లులో సర్దుబాటవుతుంది.

ఉదాహరణకు 10 కిలోవాట్ల ప్లాంటుకు నీడ పడని చోటు సుమారు 1,000 చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున 40 యూనిట్లు, అంటే నెలకు 1,200 దాకా వస్తాయి. సబ్సిడీ రూ.1,80,000. వాటర్ ట్యాంకు నీడ విషయం మాత్రం ముందే చూసుకోండి. ఒక ప్యానెల్ మూల మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గిపోవచ్చు.

సోలార్ ఉంటే కరెంటు పోయినా లిఫ్టు నడుస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు ప్లాంటుతో నడవదు. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా, గ్రిడ్‌లో కరెంటు పోగానే, ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ, దానితో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే వేరే సంగతి. అవి లేకపోతే జనరేటర్ తీసేయొద్దు.