పురుడయ్యాక చూద్దాంలే అంటే పన్ను ఊరుకుంటుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కడుపుతో ఉన్నవాళ్ళు రాసినవో, వాళ్ళ అమ్మలు రాసినవో. అందుకని మిగతావాళ్ళ పిప్పిపళ్ళన్నీ వచ్చే సంచికకి వాయిదా వేస్తున్నా. వాయిదా వేయొద్దని కింద నేనే అందరికీ క్లాసు పీకబోతున్నాననుకోండి, అది వేరే సంగతి.

మేడమ్, నాకిప్పుడు ఐదో నెల. బ్రష్ చేసుకుని ఉమ్మితే నురగంతా గులాబీ రంగులో వస్తోంది. ఇదివరకు ఎప్పుడూ ఇలా లేదు. మా అత్తయ్యగారు బ్రష్ మానేసి ఉప్పు, పళ్ళపొడి కలిపి వేలితో తోముకోమంటున్నారు. రోజూ ఇలా రక్తం పోతే బిడ్డకి తగ్గిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, భీమవరం

ముందు ఆ టెన్షన్ తీసేయండి. రెండు చుక్కల రక్తం నురగలో కలిస్తే గుక్కెడంత కనిపిస్తుంది, అంతే. దానివల్ల బిడ్డకేమీ తగ్గదు. కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్, ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతాయి, వాటితో చిగుళ్ళకి రక్తం ఎక్కువగా చేరుతుంది. మామూలప్పుడైతే మీకు తెలియను కూడా తెలియని కొద్దిపాటి పాచికే ఇప్పుడు ఎర్రగా ఉబ్బి, బ్రష్ తగిలితే చాలు రక్తం వస్తుంది. చాలామందికి రెండో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా పెరుగుతూ పోయి, పురుడయ్యాక తగ్గుతుంది. హార్మోన్లు మన చేతిలో లేవు గానీ పాచి మన చేతిలోనే ఉంది కదా.

రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే పాచి పేరుకుంటుంది, పాచి పేరుకుంటే రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది, అప్పుడు ఇంకా భయపడి ఇంకా మానేస్తారు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ కొనుక్కోండి. చిగురు, పన్ను కలిసే అంచు దగ్గర బ్రష్‌ని కాస్త వాల్చి, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తిప్పండి, రంపం కోసినట్టు అడ్డంగా కాదు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు. పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో ట్యూబు వెనక చూడండి, 1000 పీపీఎంకి తగ్గకుండా ఉండాలి.

అత్తయ్యగారితో గొడవేమీ పెట్టుకోకండి. ఆవిడ చెప్పిన ఉప్పుని వేలికి బదులు గ్లాసులో వేయండి, గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా వేసి పుక్కిలిస్తే చిగుళ్ళకి హాయిగానే ఉంటుంది. ఉప్పూ పొడీ కలిపి రుద్దితే మాత్రం పన్ను అరుగుతుంది, వేలు సందుల్లోకి పోదు. పొగాకు కలిపిన పొడితో తోముకునే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది, దాన్ని మీ ఇంట్లోకే రానివ్వొద్దు.

ఇలా రెండు వారాలు చేసినా రక్తం ఆగకపోతే క్లీనింగ్ చేయించుకోండి, ఐదో నెల దానికి చక్కటి సమయం. క్లీనింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయని ఎవరో ఒకరు చెప్తారు, పట్టించుకోకండి. గార గట్టిగా పట్టేసి ఉంటే పన్ను అప్పటికే వదులై ఉంటుంది, గార తీశాక ఆ సంగతి మనకి తెలుస్తుంది, అంతే తేడా. నాకు రెండో కాన్పప్పుడు ఇలాగే రక్తం వస్తే నేనూ పదిహేను రోజులు పట్టించుకోలేదు. డెంటిస్టునై ఉండి కూడా!

డాక్టర్ గారూ, నాకు ఆరో నెల. కింది దవడ పన్నుకి పెద్ద పుచ్చు ఉంది. రాత్రి పడుకుంటే చాలు, చెవి దాకా లాగేస్తోంది. లవంగం పెట్టుకుంటున్నాను, మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు రెండు రోజులు వేసుకున్నాను. ఒక క్లినిక్‌కి వెళ్తే, ఇప్పుడేమీ చేయకూడదమ్మా, డెలివరీ అయ్యాక రా అన్నారు. మా ఇంట్లో ఎక్స్‌రే అన్నా మత్తు సూది అన్నా వణికిపోతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

మీ ఉత్తరం చదివితే కోపమొచ్చింది, మీ మీద కాదు. మూడు నెలలు నిద్ర లేకుండా, సరిగ్గా తినకుండా, తోచిన మాత్ర మింగుతూ ఎదురుచూడమనడం ఏ లెక్కన జాగ్రత్త అవుతుందో నాకర్థం కాదు. పుచ్చులోంచి సూక్ష్మజీవులు నరం దాకా చేరాయి కాబట్టే రాత్రిళ్ళు ఆ లాగుడు. అది వేరు కొస దాకా పోయి చీము పట్టిందంటే దవడ వాస్తుంది, జ్వరం వస్తుంది. ఆ ఇన్ఫెక్షన్ మీకూ బిడ్డకీ చేసే చెరుపు ముందు వైద్యం వల్ల వచ్చే ముప్పు చాలా చిన్నది.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్ళ పనికి అన్నిటికంటే అనువైన కాలం. మొదటి మూడు నెలలు వేవిళ్ళతో నోరే తెరవలేరు, బిడ్డ అవయవాలు ఏర్పడే సమయం కూడా అదే. ఆఖరి నెలల్లో కుర్చీలో వెల్లకిలా పడుకోవడం కష్టం. అంటే మీరిప్పుడు సరైన సమయంలోనే ఉన్నారు, దాన్ని చేజార్చుకోకండి. ఇంకో మాట, నొప్పి, వాపు ఉన్నప్పుడు ఏ నెలైనా సరే ఆగక్కర్లేదు.

ఎక్స్‌రే సంగతి. ఒక్క పన్నుకి తీసే చిన్న ఎక్స్‌రేలో పడే రేడియేషన్, మనం మామూలుగా ఇంట్లో వీధిలో తిరుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో ఒంటికి తగిలేదానికి మించదు. అది కూడా దవడ వైపే పోతుంది, పొట్ట వైపు కాదు. పైగా సీసం పొదిగిన ఏప్రన్ కప్పమని అడగండి, మీ ఇంట్లోవాళ్ళ మనసు కుదుటపడుతుంది. పన్ను దగ్గర వేసే మత్తు సూదిలో మామూలుగా వాడేది లిగ్నోకెయిన్, గర్భిణులకి అది వాడొచ్చు. మత్తివ్వకుండా నొప్పి ఓర్చుకోమంటేనే ఒంటికి ఎక్కువ హింస. రూట్ కెనాల్ చేయొచ్చు, పన్ను తీయాల్సివస్తే తీయొచ్చు. అందం కోసం చేసే తెల్లబరచడాలు లాంటివి మాత్రం పురుడయ్యాకే.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ మెడికల్ షాపు బిళ్ళ. పన్ను నొప్పంటే వాళ్ళు ఇచ్చేది చాలాసార్లు డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో, ఒక్కోసారి పారాసెటమాల్‌తో కలిపి ఒకే బిళ్ళగా. 20 వారాలు దాటాక ఇవి వాడితే ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది, నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గర ఉండే ఒక రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. మీరు వేసుకున్న షీటు పారేయకుండా మీ గైనకాలజిస్టుకి చూపించండి. నొప్పికి ఆవిడ చెప్పిన మోతాదులో ఒట్టి పారాసెటమాల్ వేసుకోండి. యాంటీబయాటిక్ అవసరమైతే అమాక్సిసిలిన్ లాంటివి ఉన్నాయి. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ జాతివి మాత్రం వద్దు, పుట్టే బిడ్డ పళ్ళకి పోని మచ్చలు పడతాయి.

లవంగం ఒక రాత్రి గడవడానికి పర్లేదు. కానీ పుచ్చులో కూరి తెల్లారేదాకా ఉంచేసి, లేదా లవంగ నూనె దూదిలో ముంచి అదిమిపెట్టి, పక్కనున్న చిగురు ఉడికిన పాలమీగడలా తెల్లగా తేలిపోయినవాళ్ళని చూశాను. పన్ను నొప్పికి చిగురు మంట తోడయింది, మిగిలిన లాభం అదే.

ఇంకో డెంటిస్టు దగ్గరికి వెళ్ళండి. ఎన్నో నెలో, వాడుతున్న మందులేంటో ముందే చెప్పండి, మాతా శిశు రక్షణ కార్డు వెంట తీసుకెళ్ళండి. అవసరమనిపిస్తే డెంటిస్టునీ గైనకాలజిస్టునీ ఫోన్లో మాట్లాడుకోమనండి, రెండు నిమిషాల పని. కుర్చీలో కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టించుకుని కాస్త ఎడమవైపు ఒరగండి, లేకపోతే పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. దవడ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా మాత్రం క్లినిక్ కాదు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఖర్చు గురించి అడగలేదు గానీ చెప్తున్నా, ఎందుకంటే రానివాళ్ళలో చాలామంది చెప్పని కారణం అదే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు కదా, ఆ రోజు బీపీ చూస్తారు, రక్తం చూస్తారు, బరువు చూస్తారు, నోరు తెరవమని ఎవరూ అనరు. మీరే తెరిచి చూపించండి.

అమ్మా, మా అమ్మాయి నాలుగో నెలతో మా దగ్గరికి వచ్చింది. ఒక్కో కాన్పుకి ఒక్కో పన్ను పోతుందని మా పెద్దవాళ్ళు అనేవారు, మా అమ్మకి అలాగే పోయాయి. బిడ్డ కాల్షియమంతా లాగేసుకుంటుంది కదా? పైగా ఇది దొంగతనంగా బలపాలు తింటోంది. కాల్షియం కోసమే ఒళ్ళు అడుగుతోందేమో అనుకుంటున్నాను.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

బిడ్డకి కాల్షియం కావాలి, నిజమే. పాలపళ్ళ మొలకలు ఆరో వారం నుంచే కడుపులో తయారవుతాయి మరి. అయితే అది తల్లి తినే తిండిలోంచి వస్తుంది, చాలకపోతే ఎముకల్లోంచి వస్తుంది. పళ్ళలోంచి తీసుకోవడం అంటూ ఉండదు. ఒకసారి గట్టిపడ్డ పన్ను డబ్బు తీసుకునే బ్యాంకు ఖాతా లాంటిది కాదు.

మరి మీ అమ్మగారి పళ్ళెందుకు పోయాయి? ఆవిడని నేను చూడలేదు గానీ, ఆ రోజుల్లో జరిగింది ఊహించొచ్చు. వాంతుల పులుపుకి పన్ను పైపొర మెత్తబడింది, ఆకలికి గంటకోసారి ఏదో ఒకటి తిన్నారు, చిగుళ్ళు వాచాయి, నొప్పొస్తే కడుపుతో ఉంది వద్దన్నారు, కాన్పయ్యాక పచ్చి బాలింత వద్దన్నారు, పాలిస్తోంది వద్దన్నారు, అంతలో మళ్ళీ నెల తప్పింది. పన్ను కాస్తా ఊడింది, పేరు బిడ్డకొచ్చింది.

బలపాల మాట తేలిగ్గా తీసుకోకండి. బలపం, మట్టి, బియ్యం ఇలా నమలాలనిపిస్తుంటే చాలాసార్లు ఐరన్ తక్కువుందని గుర్తు. హిమోగ్లోబిన్ చూపించండి. అమ్మాయిని తిట్టకండి, పాపం ఆపుకోలేకే తింటుంది. నాలుగో నెల కాబట్టి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చే ఉంటారు, ఆ రెండూ కలిపి ఒకేసారి వేయకండి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు మామూలే. చలిమిడి పెట్టండి, వద్దనను, పెట్టాక నీళ్ళతో పుక్కిలించమనండి, అది పళ్ళకి అతుక్కుని కూర్చుంటుంది.

మా ఆవిడకి మూడో నెల. బ్రష్ నోట్లో పెట్టగానే వాంతి. వాంతయ్యాక పాపం మళ్ళీ వెంటనే బ్రష్ చేస్తుంది. పళ్ళు పులిశాయి, నీళ్ళు తాగినా జివ్వుమంటోంది అంటోంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

ఆ వెంటనే చేసే బ్రషే చెరుపుతోంది. వాంతిలో వచ్చేది కడుపులో ఉండే ఆమ్లం, అది తగిలి పన్ను పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే ఆ పొర అరిగిపోతుంది. ఒక కప్పు నీళ్ళలో చెంచాడు తినే సోడా కలిపి, పుక్కిలించి ఉమ్మేయమనండి, మింగక్కర్లేదు. సోడా లేకపోతే ఒట్టి నీళ్ళు. అరగంట నుంచి గంట ఆగాక బ్రష్.

వికారానికి చిన్న కిటుకులున్నాయి: చిన్నపిల్లల బ్రష్ వాడటం, ఘాటు పుదీనా పేస్టు మార్చడం, తల ముందుకు వంచి ముందుపళ్ళ నుంచి మొదలుపెట్టడం. పొద్దున్నే కుదరకపోతే టిఫిన్ తర్వాత వికారం తగ్గినప్పుడు చేసుకోనివ్వండి, లేవగానే తోముకోవాలన్న రూలు ఈ మూడు నెలలు పక్కన పెట్టొచ్చు. పుల్లమామిడికాయ, చింతకాయ తింటుంటే తిననివ్వండి, రోజంతా చప్పరించకుండా ఒక్కసారే. నీళ్ళు కూడా నిలవనంతగా వాంతులైతే మాత్రం ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, పళ్ళ సంగతి తర్వాత.

ఏడో నెల. రెండు పళ్ళ మధ్య చిగురు మీద ఎర్రటి గడ్డ లేచింది, రేగుపండంత ఉంది, ముట్టుకుంటే రక్తం. క్యాన్సరా మేడమ్?
– ఒక పాఠకురాలు, వరంగల్

కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి గడ్డలు కొందరికి వస్తాయి, సాధారణంగా క్యాన్సర్ కాదు. హార్మోన్లకి పాచి తోడై వచ్చేవి, పురుడయ్యాక చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. అయినా ఒకసారి చూపించుకోండి, ఉత్తరం చూసి తేల్చి చెప్పలేను. తినడానికి అడ్డమైనా, రక్తం ఆగకపోయినా ఇప్పుడే తీయొచ్చు. గోటితో గిల్లకండి, దారం కట్టకండి.

పురుడై తొమ్మిది రోజులు. బాలింతకి పళ్ళు వదులుగా ఉంటాయి, బ్రష్ పెట్టొద్దు, నెల దాకా వేలితో తోముకో అంటోంది మా అమ్మమ్మ. పాప వెండి గిన్నె, ఉగ్గు చెంచా కూడా తనే నాకి చూసి ఇస్తానంటోంది.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

బ్రష్ మెత్తటిదే కదా, ఈ రాత్రికే మొదలుపెట్టండి, చల్లటి నీళ్ళు వద్దంటే గోరువెచ్చటివి వాడండి, అమ్మమ్మకీ ఊరట. పాపకి ఆరు నెలలు నిండేదాకా మీ పాలు తప్ప ఉగ్గూ వద్దు, నీళ్ళూ వద్దు. ఆ తర్వాతైనా పెద్దవాళ్ళ నోట్లో పెట్టిన చెంచా పాప నోట్లో పెట్టకండి, పళ్ళు పుచ్చేలా చేసే సూక్ష్మజీవులు పిల్లలకి చేరే దారుల్లో అదొకటి. వేడి చూడాలంటే మణికట్టు మీద చుక్క వేసుకుంటే తెలుస్తుంది. అమ్మమ్మకి ఎన్ని పళ్ళున్నాయో రాయలేదు, ఈసారి మీరు చెకప్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళండి.