వాలిన రెక్క వైపే స్టిక్

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కరీంనగర్‌లో మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. చిన్నప్పటి నుంచి విమానాలంటే పిచ్చి. ఫైటర్ జెట్ ఆకారంలో ఉన్న ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానం ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, 15 వేలు చెబుతున్నారు. మా దగ్గర నేర్పేవాళ్లు ఎవరూ లేరు. కొనమంటారా సార్?

జవాబు: ఇప్పుడే వద్దండీ. జెట్‌కు రెక్క చిన్నది, వేగంగా పోతేనే గాల్లో నిలుస్తుంది. ఏం చేయాలా అని మీరు ఆలోచించేలోపే దూరం వెళ్లిపోతుంది. అంత దూరాన అది వస్తోందో పోతోందో కూడా తెలియదు. నేర్చుకునే విమానానికి రెక్క బాడీ పైన ఉండాలి, రెక్క కొసలు కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటిది ఒక పక్కకు కొంచెం ఒరిగినా, రిమోట్ మీది స్టిక్ వదిలేస్తే తనంతట తానే సర్దుకోవడానికి చూస్తుంది.

మీకు సోల్డరింగ్ వచ్చు కదా, చాలామంది తడబడేది అక్కడే. కాబట్టి విమానం మీరే చేసుకోండి. ఫ్లైట్ టెస్ట్ అనే ఆర్‌సీ విమానాల యూట్యూబ్ ఛానెల్ వాళ్ల ప్లాన్లు ఉచితంగా దొరుకుతాయి. ఫోమ్ బోర్డు, కట్టర్, గ్లూ గన్ చాలు. 2212 సైజు 1000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) బ్రష్‌లెస్ మోటార్, 30 యాంప్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్), నాలుగు 9 గ్రాముల సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తీసుకోండి. మీటరు రెక్క, ముప్పావు కిలో బరువు ఉన్న విమానానికి ఈ సరంజామా సరిపోతుంది. బాడీ ముక్కలైనా ఇవన్నీ విప్పి కొత్త బాడీకి బిగించుకోవచ్చు. రెడీమేడ్ జెట్‌కు ఆ వీలు తక్కువ.

అయితే వీటన్నిటికంటే ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్) ఒక్కటే కొనండి. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటి ఆరు ఛానెళ్లది, మోడ్ 2 (మోటారు వేగం ఎడమ స్టిక్ మీద ఉండేది) అని అడిగి తీసుకోండి. దాన్ని సిమ్యులేటర్ల కోసం అమ్మే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, పికాసిమ్ అనే ఉచిత సిమ్యులేటర్ (తెర మీద విమానం ఎగరేసే ప్రోగ్రామ్) మీద రోజుకు అరగంట చొప్పున నెల రోజులు ఎగరేయండి. ఈ నెల మాత్రం ఎగ్గొట్టకండి. ఎందుకో చెబుతాను.

విమానం మీ నుంచి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి, మీ కుడి ఒకటే. మలుపు తిరిగి మీ వైపు వస్తున్నప్పుడు దాని కుడి మీకు ఎడమ అవుతుంది. స్టిక్ కుడికి తోస్తే అది మీ ఎడమకు పోతుంది! బుర్రకు తెలిసినా చేతికి తెలియదు. కొత్తవాళ్లు విమానాన్ని నేలకు కొట్టేది ఎక్కువగా ఈ గందరగోళంలోనే. ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు మర్చిపోండి. ఏ రెక్క కిందికి వాలితే, మీకు కనిపించే ఆ వైపుకే స్టిక్ తోయండి. వాలుతున్న రెక్కకు కింద నుంచి ఆసరా పెట్టినట్టు అనుకోండి. నేను ఇలాగే నేర్చుకున్నాను, మా కాలేజీ పిల్లలకూ ఇలాగే నేర్పాను. ఆలోచించకుండా చెయ్యి అటు పోయిన రోజున మీరు మైదానానికి వెళ్లొచ్చు.

మైదానం అంటే ఎండాకాలంలో నీళ్లు ఇంకిన చెరువు, లేదా కోతలైన పొలం. కరెంటు తీగలు, మనుషులు, పశువులు దగ్గరలో ఉండకూడదు. తెల్లవారుజామున వెళ్లండి, ఎండ ఎక్కితే గాలి లేస్తుంది. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనేనా (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటేనా) అని చూసుకోండి. గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు, విమానం కంటికి కనబడుతూ ఉండాలి.

చేతిలోంచి వదిలే ముందు విమానం ముందు వెనకల తూకం సరిచూడండి. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, అటూ ఇటూ వేళ్లతో కింద నుంచి ఎత్తితే ముక్కు రవ్వంత కిందికి ఉండాలి. నా మొదటి ఫోమ్ విమానంలో బ్యాటరీని తొందరలో వెనక్కి పెట్టేశాను. వదలగానే ముక్కు ఆకాశానికి లేచింది, వేగం పోయింది, గడ్డివాము పక్కన కూలింది. వారం రోజుల పని పోయింది. బ్యాటరీని రెండు వేళ్లు ముందుకు జరిపి ఉంటే నిలిచేది. ఇప్పటికీ ప్రతిసారీ వేళ్ల మీద ఎత్తి చూస్తాను.

గాలికి ఎదురుగా వదలండి. మూడు తాటిచెట్ల ఎత్తుకు వెళ్లాకే మలుపులు మొదలుపెట్టండి, అంత ఎత్తులో తప్పు దిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది. పడిపోవడం ఖాయం అనిపిస్తే వెంటనే థ్రాటిల్ (మోటారు వేగం స్టిక్) పూర్తిగా కిందికి లాగేయండి, మోటారు బతుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పరీక్షలని రెండు నెలలు విమానం ముట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే బ్యాటరీ దిండులా ఉబ్బింది. ఇంట్లో ఉంచాలంటే టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. దాన్ని ఇక చార్జ్ చేయనివ్వకండి. గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. మట్టికుండలో ఇసుక పోసి, అందులో పెట్టి, ఆరుబయట నీడలో ఉంచండి. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

బహుశా నిండా చార్జ్ చేసి అలాగే వదిలేసి ఉంటాడు, అడిగి చూడండి. ఎగరేయని రోజుల్లో ఒక్కో సెల్‌లో 3.8 వోల్టులు మాత్రమే ఉండాలి. చార్జర్‌లో స్టోరేజ్ అనే సెట్టింగ్ ఇందుకే ఉంది. ఎగరేసేటప్పుడు సెల్ 3.5 వోల్టులకు రాగానే మోగే చిన్న అలారం దొరుకుతుంది, కొనిపెట్టండి. చార్జింగ్ మాత్రం మంచం మీద వద్దు, రాత్రిపూట పెట్టి పడుకోవద్దు. గచ్చు నేల మీద పెట్టి, మనిషి పక్కన ఉండాలి.