సంతకాలు సేకరిస్తే ఇళ్ల చట్టం వస్తుందా?

అద్దె ఇళ్లలో ఉండే మీ పాతిక కుటుంబాలు కలిసి, మామూలు సంపాదనతో కూడా ఇల్లు దొరికేలా జాతీయ చట్టం కావాలని సంతకాలు సేకరిస్తున్నామన్నారు. ఇంత చిన్న గుంపు వల్ల అవుతుందా అని అడిగారు. అవుతుంది, కానీ సంతకాల దగ్గరే ఆగిపోతే కాదు. ఇదే పని మీద నాలుగేళ్లుగా ఇంటింటికీ తిరుగుతున్నాను.

మొదటి వినతిపత్రంలో మేం పదకొండు డిమాండ్లు పెట్టాం. పార్లమెంటు సభ్యుడు అంతా చదివి, "వీటికి పథకాలున్నాయి కదా" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే కూర్చుని పదకొండూ కొట్టేసి ఒక్కటి రాసుకున్నాం: ఇల్లు దొరకని మనిషికి ప్రభుత్వాన్ని అడిగే హక్కు చట్టంలో ఉండాలి. పథకానికి ఈ ఏడాది డబ్బు ఉంటుంది, వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. జాబితాలో పేరు లేకపోతే ఎవరిని అడగాలి?

2006 డిసెంబరులో పారిస్‌లో ఒక కాలువ గట్టున ఇల్లు లేనివాళ్ల కోసం వరసగా గుడారాలు వేశారు. 2007 మార్చికల్లా ఫ్రాన్స్‌లో చట్టం వచ్చింది. ఇల్లు దొరకనివాళ్లు ముందు ఒక కమిషన్‌కి, అక్కడా పని జరగకపోతే కోర్టుకి వెళ్లొచ్చు. అయినా హక్కు ఉందని తేలాక కూడా ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబాలు అక్కడున్నాయి. అందుకే ఇళ్లు కట్టడానికి నిధులు కూడా అదే చట్టంలో అడగండి.

మాకు అన్నిటికంటే కష్టమైంది భయం. ఒకావిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నారు, పెన్ను తీసుకున్నారు, మళ్లీ ఇచ్చేశారు. "ఓనర్‌కి తెలిస్తే ఖాళీ చేయమంటాడు" అన్నారు. తప్పు మాదే. ఒకే కాగితం మీద పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ వరసగా రాయిస్తున్నాం, తర్వాత సంతకం పెట్టేవాళ్లకి అవన్నీ కనిపిస్తున్నాయి. ఆ మర్నాటి నుంచి ఇంటికో కాగితం పెట్టాం. దాంతోపాటు జీతంలో అద్దెకి ఎంత పోతోందో కూడా రాయించాం. అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది చాలా దేశాల్లో వాడే కొలత. మా కాగితాల్లో సగం దాటినవాళ్లు ఎంతమందో చూసి కళ్లు చెమర్చాయి.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడే పార్లమెంటు సభ్యుడి ముందు కూర్చుని తన ఇంటి లెక్క చదివారు. మా వినతిపత్రాలు చేయలేని పని అది చేసింది. ఆయన సభలో ప్రశ్న వేశారు. చట్టం ఇంకా రాలేదు, మేం తిరుగుతూనే ఉన్నాం.

ఒక గది అద్దెకిచ్చుకుని బతికే చిన్న ఓనర్లతో గొడవ పెట్టుకోకండి. మనం అడుగుతున్నది వాళ్ల గది కాదని కూర్చోబెట్టి చెబితే మా దగ్గర కొందరు సంతకాలు కూడా పెట్టారు.

ఎంత కాలం పడుతుందంటే, బ్రెజిల్‌లో 10 లక్షలకు పైగా సంతకాలతో ప్రజలే రాసిన ఇళ్ల నిధి బిల్లును 1991లో పార్లమెంటుకి ఇచ్చారు. అది చట్టమైంది 2005లో. ఈ సంగతి మీవాళ్లకి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. ఆర్నెల్లలో వచ్చేస్తుందని ఆశపడినవాళ్లే మా దగ్గర ముందు వెళ్లిపోయారు. ముందు మీ పాతిక ఇళ్ల అద్దె లెక్క రాయడం మొదలుపెట్టండి, సంతకాలు తర్వాత.