రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య తీగలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా దగ్గర యేసూ ఎఫ్‌టీ-817ఎన్‌డీ హ్యామ్ రేడియో ఉంది. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డులో యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఎఫ్‌టీ232 బోర్డు (యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చేది), పీసీ817 ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో సంకేతం దాటించే చిప్పు) కొని తీగలు సోల్డర్ చేశాను. యూఎస్‌బీ గుచ్చగానే, ఇంకా సాఫ్ట్‌వేర్ తెరవకుండానే, రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తోంది. ఆడియోలో గుయ్యిమని హమ్. రేడియోను ముట్టుకుంటే జిల్లుమంటోంది కూడా. ఎక్కడ తప్పు?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: తప్పు ఒక చోట లేదండీ, మూడు చోట్ల ఉంది. ముందు ట్రాన్స్‌మిట్ సంగతి. ఆప్టోకప్లర్ 1వ కాలును డీటీఆర్‌కు (సాఫ్ట్‌వేర్ నడిపే సీరియల్ సంకేత లైనుకు), 2వ కాలును గ్రౌండ్‌కు కలిపి ఉంటారు. పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు గీసిన బొమ్మలన్నీ అలాగే ఉంటాయి, ఆ పోర్టుకు అది సరైనదే. ఎఫ్‌టీ232 బోర్డు పిన్నుల దగ్గర లెక్క తలకిందులు: ఊరికే ఉన్నప్పుడు డీటీఆర్ 5 వోల్టుల మీద ఉంటుంది, సాఫ్ట్‌వేర్ పిలిచినప్పుడు సున్నాకు దిగుతుంది. కాబట్టి బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి 1కె రెసిస్టర్ ద్వారా 1వ కాలుకు, 2వ కాలు నుంచి డీటీఆర్‌కు వెళ్లండి. 4వ కాలు రేడియో డేటా జాక్‌లో 3వ పిన్నుకు, అంటే పీటీటీకి (రేడియోను ట్రాన్స్‌మిట్‌లో పెట్టే లైనుకు). 3వ కాలు అదే జాక్ 2వ పిన్ను గ్రౌండ్‌కు. బోర్డు మీది జంపర్ 5 వోల్టుల వైపే ఉండాలి. 3.3 వైపు ఉంటే ఎల్‌ఈడీ పూర్తిగా ఆరదు, రేడియో ట్రాన్స్‌మిట్ నుంచి సరిగ్గా దిగదు. విండోస్ బోర్డును గుర్తుపట్టే క్షణంలో ఆ లైను ఒకసారి ఊగవచ్చు. అందుకని ముందు యూఎస్‌బీ గుచ్చి, ఆ తర్వాతే రేడియో ఆన్ చేయండి.

జిల్లుమనడానికి కారణం ల్యాప్‌టాప్ అడాప్టర్. రెండు పిన్నుల అడాప్టర్ లోపలి కెపాసిటర్ వల్ల ల్యాప్‌టాప్ గ్రౌండ్ ఎర్త్‌తో పోలిస్తే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. కరెంటు అతి స్వల్పం, మనిషికి జిల్లుమంటుంది అంతే. కానీ ప్లగ్ పెట్టేటప్పుడు గ్రౌండ్ కన్నా ముందు డేటా పిన్ను తాకితే ఆ చిన్న కరెంటే చిప్పును చంపగలదు. తీగలు కలిపేటప్పుడు అడాప్టర్ తీసేయండి. మూడు పిన్నుల అడాప్టర్ వాడినా గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూసుకోండి. అద్దె ఇళ్లలో చాలాచోట్ల మూడో రంధ్రం అలంకారమే.

హమ్‌కు మందు 600:600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, వెళ్లే ఆడియోకు ఒకటి, వచ్చేదానికి ఒకటి. రెండు వైపుల గ్రౌండ్లను మాత్రం ఎక్కడా కలపకండి. డేటా జాక్ 1వ పిన్నుకు కావలసింది 40 మిల్లీవోల్టులే. సౌండ్ కార్డు 2 వోల్టుల దాకా ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 47కె వరుసలో, 1కె గ్రౌండ్‌కు పెడితే ఆ 2 వోల్టులు దాదాపు 40 మిల్లీవోల్టులకు దిగుతాయి. రేడియో నుంచి వచ్చే ఆడియో 5వ పిన్నులో తీసుకోండి. సౌండ్ కార్డు మైక్ ఇన్‌పుట్‌లో డీసీ వోల్టేజి ఉంటుంది కనుక ఆ వైపు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసలో వేయాలి. 600 ఓమ్‌ల చుట్ట 5వ పిన్ను ఇచ్చే 300 మిల్లీవోల్టుల్లో చాలాభాగం మింగేస్తుంది. మైక్ ఇన్‌పుట్‌కు మిగిలింది చాలు, లైన్ ఇన్‌పుట్‌కు చాలదు.

రేడియోలో 26వ మెనూ యూజర్-యూ, మోడ్ డిగ్ (డిజిటల్). సాఫ్ట్‌వేర్‌లో పీటీటీకి డీటీఆర్ ఎంచుకోండి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చుకునే రెసిస్టర్) పెట్టి, మీటర్‌ను ఏఎల్‌సీకి (ఆడియో ఎక్కువైతే అదుపు చేసే సర్క్యూట్‌కు) మార్చి, ఏఎల్‌సీ గీత లేవడం మొదలయ్యే దగ్గర కంప్యూటర్ వాల్యూమ్ కాస్త తగ్గించి ఆపండి. పవర్ 2.5 వాట్లు చాలు. 5 వాట్లతో ఈ పెట్టె త్వరగా వేడెక్కుతుంది. విండోస్ గంటల శబ్దాలు గాలిలోకి పోకుండా డిఫాల్ట్ స్పీకర్‌గా ల్యాప్‌టాప్‌దే ఉంచండి.

కంప్యూటర్ నుంచే రేడియో ఫ్రీక్వెన్సీ మార్చే క్యాట్ తీగ కూడా కలపాలా? మా సలహా వద్దనే. ఎఫ్‌టీ8కు ఒక్కో బ్యాండ్‌లో సాధారణంగా ఒకే చోటు: 14.074, 7.074 మెగాహెర్ట్జ్. చేత్తో తిప్పుకుంటే సరిపోయే పనికి క్యాట్ తీగ వేస్తే దాని గ్రౌండ్ ల్యాప్‌టాప్‌కు కలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆప్టోకప్లర్ పెట్టిన శ్రమంతా వృథా. తప్పదంటే ఏడీయూఎం4160 యూఎస్‌బీ ఐసొలేటర్ వాడండి. క్యాట్ సెట్టింగులు: 4800 బాడ్, 8 డేటా బిట్లు, 2 స్టాప్ బిట్లు. రేడియో క్యాట్ జాక్‌లో 13.8 వోల్టుల పిన్ను కూడా ఉంది, మీటర్‌తో చూడకుండా తీగ కలపకండి.

ప్రశ్న: ఐకామ్ ఐసీ-7300 రేడియోను ఒక్క యూఎస్‌బీ తీగతో కలిపాను. బాల్కనీలో ఎండ్-ఫెడ్ (ఒక కొస నుంచి పవర్ అందే) తీగ యాంటెన్నా. 20 మీటర్ల బ్యాండ్‌లో 30 వాట్లు దాటగానే యూఎస్‌బీ తెగిపోతుంది, రేడియో ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోతుంది. డ్రైవర్ మళ్లీ మళ్లీ వేశాను.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: డ్రైవర్ జోలికి పోకండమ్మా. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్‌లోకి 50 వాట్లు పంపి చూడండి. తెగకపోతే దోషం ఆర్‌ఎఫ్‌దే, అంటే తీగల్లోకి చొరబడే రేడియో తరంగాలదే. ఎండ్-ఫెడ్‌కు రెండో సగం లేకపోతే కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పైతొడుగే ఆ పని చేస్తూ గదిలోకి ఆర్‌ఎఫ్ మోసుకొస్తుంది. యాంటెన్నా ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండ్‌కు 20 మీటర్ల బ్యాండ్ కోసం మీటరు పొడవు తీగ వేలాడదీయండి. కోయాక్స్ గదిలోకి వచ్చేచోట 31 రకం ఫెరైట్ రింగు మీద పది పన్నెండు చుట్లు వేయండి. యూఎస్‌బీ తీగ పొట్టిది తీసుకుని అదే రకం రింగు మీద అయిదారు చుట్లు. ఒక్కసారి దూర్చే క్లిప్ ఫెరైట్ 14 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా ఆపదు. ఆపే శక్తి దాదాపు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లైల నుంచి పీకిన పసుపు-తెలుపు రింగులు ఇనుపపొడివి, ఈ పనికి రావు. అంతవరకూ మెనూలో సీఐ-వీ టైమ్-అవుట్ టైమర్‌ను 3 నిమిషాలకు పెట్టుకోండి.

ప్రశ్న: ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేర్ వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా కనిపించే తెర) గీతలు బాగా కనిపిస్తున్నాయి, ఒక్కటీ డీకోడ్ కావడం లేదు.
– కె.ఆర్.పురం నుంచి

జవాబు: కంప్యూటర్ గడియారం చూడండి. ఎఫ్‌టీ8 15 సెకన్ల విడతల్లో నడుస్తుంది. తేడా ఒక సెకను లోపు ఉంచండి, రెండు దాటితే డీకోడ్ ఆశ వదులుకోవాలి. ఇంటర్నెట్ టైమ్ సింక్ నడిపాక కూడా అదే పరిస్థితి అయితే రేడియో యూఎస్‌బీ (తీగ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్ మోడ్) బదులు ఎల్‌ఎస్‌బీలో (లోయర్ సైడ్‌బ్యాండ్) ఉందేమో చూడండి. తర్వాత సౌండ్ కార్డు 48,000 హెర్ట్జ్‌లో పెట్టి, మైక్ ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ఆపి, ఉత్త నాయిస్‌కు లెవెల్ మీటర్ 30 డీబీ దగ్గర నిలిచేలా సర్దండి.