సిరంజి చేతిలోకి తీసుకునే ముందు

అమ్మలూ,

నిన్ను నర్సుగా జనరల్ మెడిసిన్ వార్డులో వేశారట కదా, మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్‌లో వార్డంటే పాతబస్తీ ఖాలాజాన్, దేవరకొండ తండా నుంచి వచ్చిన లంబాడీ తాత, మార్వాడీ సేఠ్, సూడాన్ నుంచి వైద్యానికి వచ్చిన మనిషి, అందరూ పక్క పక్క మంచాల మీదే ఉంటారు. "ఎవరితో ఎలా మెలగాలో టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. అప్పటికి నా సర్వీసు ఎనిమిదేళ్లు. షుగర్ పేషెంటు ఒకామె చేరింది. పేరు మస్తానమ్మ అనుకో. కేస్‌షీట్ మీద పేరు చూసి ముస్లిం అనుకున్నాను. రంజాన్ నెల కాదు కాబట్టి ఉపవాసం సంగతి అడగాలని తోచలేదు. టిఫిన్‌కు అరగంట ముందు ఇన్సులిన్ చేసి వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయాను. పదకొండు గంటలకు ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట ముద్దగా వస్తోంది. చూస్తే షుగర్ 48. గ్లూకోజ్ ఎక్కిస్తే తేరుకుంది. పొద్దున ఇచ్చిన ఇడ్లీలు దిండు కింద పొట్లంలో ఉన్నాయి. ఆ రోజు కార్తీక సోమవారం. నక్షత్రాలు చూస్తేగాని ముద్ద ముట్టదట. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మస్తాన్ అనో హుస్సేన్ అనో పేరు పెట్టుకునే హిందువులు మన గుంటూరు వైపు ఎంతమంది! అక్కడే పుట్టి పెరిగిన నాకే తట్టలేదు.

అప్పటినుంచి సిరంజి పట్టుకున్న ప్రతిసారీ "ఏమైనా తిన్నారా? ఇప్పుడు తింటారా?" అని అడిగేదాన్ని. పేరు, బొట్టు, గడ్డం ఏదీ చూడకుండా అందరినీ అడుగు.

రంజాన్‌లో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. జబ్బు మనిషికి రోజా నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ మాట వాళ్లకు మనం పాఠం చెప్పినట్టు చెప్పకూడదు. రోజా ఉంటానంటే వెంటనే డాక్టర్‌కు చెప్పు. మందుల మోతాదును తెల్లవారకముందు తినే సహరీకి, సాయంత్రం ఇఫ్తార్‌కి మార్చి రాస్తారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని పేషెంటుతో ముందే మాట్లాడి పెట్టుకో. అప్పటికప్పుడు వాదన పెట్టుకుంటే గెలవలేవు. వేలి మీద గుచ్చితే రోజా పోతుందేమోనని కొందరు చెయ్యి ఇవ్వరు. పోదని చాలామంది మతపెద్దలే చెబుతారు. అయినా ఆ మాట నువ్వు చెప్పేకంటే, వాళ్ల మసీదు ఇమామ్‌కు ఫోన్ చేసుకోమను. జైనుల్లో చాలామంది పొద్దుగూకాక ఏమీ ముట్టరు, కాబట్టి రాత్రి మాత్రల సంగతి మధ్యాహ్నమే తేల్చుకో. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారని నీకు తెలుసు. ఎవరైనా అడిగితే దాచకు. డాక్టర్‌ను పిలిచి ఎదురుగా మాట్లాడించు.

పేషెంటు సంస్కృతిని బట్టి సేవ చెయ్యాలనే లైనింజర్ నర్సింగ్ సిద్ధాంతం కాలేజీలో బట్టీ పట్టే ఉంటావు. నాకు అందులో పనికొచ్చింది ఒక్కటే. పేషెంటు అలవాట్లలో కొన్ని అలాగే ఉండనివ్వాలి, కొన్ని సర్దుబాటు చెయ్యాలి, కొన్ని మాత్రం మాన్పించాలి. బాలింతల వార్డులో ఇది బాగా తెలుస్తుంది. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క, నడుముకు మొలతాడు ఉంటే నీకేం నష్టం? ఉండనీ. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని అత్తగారు పట్టుబడితే గోరువెచ్చటి వాము నీళ్లు ఇవ్వమను, ఆవిడ మాటా పోదు, నీ పనీ అవుతుంది. ముర్రుపాలు పిండి పారబోస్తామన్నా, బిడ్డకు తేనె నాకిస్తామన్నా, ఆముదం పోస్తామన్నా మాత్రం ఒప్పుకోకు. మెల్లగా చెప్పు, కానీ గట్టిగా నిలబడు.

పుస్తెల సంగతి ఏ క్లాసులోనూ చెప్పరు. ఆపరేషన్‌కో, ఎమ్మారైకో పంపేముందు "అవన్నీ తీసేయమ్మా" అని గుమ్మంలోంచి కేకేసే సిస్టర్లను చూశాను. ఎందుకు తియ్యాలో దగ్గరికెళ్లి చెప్పు. ఆపరేషన్‌లో కరెంటు పరికరం వాడితే లోహం దగ్గర చర్మం కాలే ప్రమాదం ఉంది. ముందు రోజే ఇంట్లోవాళ్లతో పసుపుకొమ్ము, దారం తెప్పించు. తీసిన పుస్తెలు ఎవరి చేతికిచ్చావో సంతకం తీసుకో. అయ్యప్ప మాలలో ఉన్న స్వామికైనా, సర్దార్జీకైనా షేవింగ్ చెయ్యాల్సి వస్తే, ఎంత మేర, ఎందుకో చెప్పి ఒప్పుకున్నాకే బ్లేడు ముట్టుకో.

భాష రాని ఆడమనిషి వస్తే పక్కనున్న బడిపిల్లాడిని మధ్యలో పెట్టి నెలసరి గురించి అడగకు. వాడి ముందు ఆ తల్లి నిజం చెప్పదు. మొగుడి ముందు కూడా అన్నీ చెప్పదు. మన తెలుగులోనే చూడు, మన వైపు "లాగుతోంది" అనేది అక్కడ "గుంజుతుంది". సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. వాళ్లు వాడిన మాటే కేస్‌షీట్‌లో రాయి, నువ్వు ఇంగ్లీషులోకి మార్చి "పెయిన్" అని ఒక్క ముక్కతో సరిపెట్టకు.

మీ వార్డు ఆయమ్మది లంబాడీ తండా అన్నావు కదా. నైట్ డ్యూటీలో టీ తాగేటప్పుడు "ఎక్కడ నొప్పి", "ఎప్పటినుంచి" అన్న మాటలు వాళ్ల భాషలో ఎలా అంటారో అడిగి రాసుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కాగితం నాకూ చూపించు. 33 ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకోలేదు.

నీ పెద్దమ్మ