వందల ప్లాస్టిక్ బాతులు ఎందుకు?

ప్రశ్న: మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాను. నవంబరులో పెద్ద సరస్సు మీద బాతుల వేటకు రమ్మని ఆఫీసు మిత్రుడు పిలుస్తున్నాడు. వందకు పైగా ప్లాస్టిక్ బాతులు కొన్నాడు. అన్ని ఎందుకండీ? వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి, కానీ ముందు చలి గురించి ఆలోచించండి. మీవాడు వేటాడేది నీళ్లలో మునిగి మేత తినే బాతులను, అంటే కాన్వాస్‌బ్యాక్, రెడ్‌హెడ్, బ్లూబిల్ లాంటివాటిని. ఇవి ఒడ్డున గడ్డిలో కాకుండా నడి సరస్సులో పెద్ద గుంపులుగా తేలుతుంటాయి కాబట్టి, వాటిని రప్పించడానికి ఎరగా వేసే ఈ ప్లాస్టిక్ బొమ్మలు దూరం నుంచి కనబడాలంటే అవీ గుంపుగానే ఉండాలి. పొడవాటి తాడుకు వరసగా కట్టి, రెండు చివర్లా లంగరు వేస్తారు. మధ్యలో ఖాళీ వదలడం అసలు కిటుకు, ఎందుకంటే బాతులు గాలికి ఎదురుగా వచ్చి ఆ ఖాళీలోనే దిగుతాయి. నీళ్లను రాసుకుంటూ ఎంత వేగంగా వస్తాయో చూస్తేగానీ నమ్మలేరు!

లైసెన్సు, రాష్ట్ర స్టాంపు (వేటకు రుసుము కట్టినట్టు గుర్తు)తోపాటు 16 ఏళ్లు నిండినవారికి 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కావాలి. బాతుల వేటకు సీసపు గుళ్లు 1991 నుంచి అమెరికా అంతటా నిషేధం. మీరు వీసా మీద ఉంటే, హంటింగ్ లైసెన్సు చేతికి రాకముందు తుపాకీ ముట్టుకోకండి.

పడవ ఎక్కేముందే లైఫ్ జాకెట్ వేసుకోండి. ఆ నీళ్లలో పడితే ఈత వచ్చినా కాసేపటికే చేతులు మొద్దుబారిపోతాయి. గాలి ఉధృతంగా ఉంటే, మిత్రుడు ఏమనుకున్నా సరే, ఆ రోజుకి మానేయండి.